గ్రంథాలయంలో ఒక బల్ల ఇవ్వండి

సంపాదకులకు,

మా మనవడి స్కూల్లో రోబోటిక్స్ అని అమ్మిన కిట్‌లో అన్నీ ముందే బిగించి ఉన్నాయి. వాడు నేర్చుకోవడానికి ఏం మిగిలింది? కోఠి గుజరాతీ గల్లీలో ప్రోగ్రామ్ రాసి నడిపే చిన్న ఆర్డుయినో బోర్డు, శబ్దం పంపి దాని ప్రతిధ్వనితో దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సర్ విడిగా కొనిచ్చాను. శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది. వెళ్లి తిరిగొచ్చిన సమయంలో సగం తీసుకుని ఆ వేగంతో గుణిస్తే గోడ దూరం తెలుస్తుంది. ఆ లెక్క వాడే కట్టాడు. ఫిజిక్స్ చెప్పిన నాకు అంతకంటే ఏం కావాలి! కానీ అదే సెన్సర్‌ను ఈఎస్‌పీ32 అనే మరో బోర్డుకి కలిపితే జాగ్రత్త: సెన్సర్ నుంచి వచ్చే 5 వోల్టుల సిగ్నల్‌ను రెండు రెసిస్టర్లతో 3.3కు తగ్గించాలి, లేకపోతే బోర్డు పాడవచ్చు. ఇది చెప్పేవాళ్లు ప్రతి ఇంట్లో ఉండరు. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో ఆదివారాలు ఒక బల్ల, సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటర్ పెట్టించండి. నాలాంటి రిటైర్డ్ టీచర్లం ఉచితంగా వచ్చి నేర్పుతాం.

– ఒక రిటైర్డ్ ఫిజిక్స్ టీచర్, మలక్‌పేట, హైదరాబాద్