మహిళా సంఘాలకు మార్కులు సరే, డబ్బిచ్చేవాళ్లకు ఎవరు వేస్తారు?

సంపాదకులకు నమస్కారం.

ఇతర దేశాలతో వ్యవహారాల్లో స్త్రీల హక్కులకు, సమానత్వానికి పెద్దపీట వెయ్యాలనే స్త్రీవాద విదేశాంగ విధానం అన్న మాటను 2014లో స్వీడన్ ముందుకు తెచ్చింది. 2017లో కెనడా తన విదేశీ సాయానికి, 2023లో జర్మనీ తన అభివృద్ధి సహకారానికి అదే పేరు పెట్టుకున్నాయి. 2022లో ప్రభుత్వం మారగానే స్వీడన్ ఆ పేరు తీసేసింది కూడా. ఈ పేర్ల కింద మహిళా సంఘాలతో కుదిరిన భాగస్వామ్యాలు ఎలా నడిచాయో తేల్చడానికి మూల్యాంకనాలు జరుగుతూనే ఉన్నాయి. కానీ వాటి టీఓఆర్‌లు, అంటే మూల్యాంకనం ఏయే ప్రశ్నలకు జవాబు వెతకాలో ముందే రాసిచ్చే పత్రాలు, తెరిచి చూస్తే ప్రశ్నలు దాదాపు అన్నీ సంఘం గురించే. లక్ష్యాలు చేరిందా, ఖర్చు సరిగ్గా పెట్టిందా, సామర్థ్యం పెరిగిందా? డబ్బిచ్చిన ఏజెన్సీ ఎలా ప్రవర్తించిందో అడిగేవాళ్లు అరుదు.

ఒక పక్షం లెక్కలే తనిఖీ చేస్తే దాన్ని ఆడిట్ అనొచ్చు, భాగస్వామ్య మూల్యాంకనం అనడానికి లేదు. పని ముందు ఏజెన్సీ ఫైళ్ల దగ్గర మొదలవ్వాలి. దీనికి కొత్త సర్వేలేవీ అక్కర్లేదు. ఒప్పందం ఎన్నేళ్లకు కుదిరింది? అందులో ఎంత శాతం సంఘం తన ఇష్టప్రకారం వాడుకునే కోర్ ఫండింగ్? ఏడాదికి ఎన్ని రిపోర్టులు, ఏ భాషలో అడిగారు? ఒక పద్దులో డబ్బు ఇంకో పద్దుకు మార్చుకోవడానికి ఎవరి అనుమతి కావాలి, అది ఎన్నాళ్లకు వచ్చింది? అన్నిటికంటే ముఖ్యం, సంతకాలైన రోజుకూ మొదటి విడత ఖాతాలో పడిన రోజుకూ మధ్య ఎన్ని రోజులు గడిచాయి?

సంఘాల మీద పడే నిందల్లో చాలా వాటికి మూలం ఈ రోజుల లెక్కలోనే ఉంటుంది. జనవరిలో సంతకాలై, డబ్బు మే నెలాఖరున వచ్చిందనుకోండి. ఆ ఐదు నెలల జీతాలు, అద్దె సంఘం అప్పుచేసి కట్టాలి, లేదా సిబ్బందిని పంపించెయ్యాలి. ఏడాది పనిని ఏడు నెలల్లో కుక్కాలి. సహజంగానే డిసెంబరుకు కొంత డబ్బు మిగులుతుంది. మూల్యాంకన బృందం వచ్చి 'నిధుల వినియోగ సామర్థ్యం తక్కువ' అని రాసి వెళ్తుంది, తర్వాతి విడతకు కోత పడుతుంది. డబ్బు ఆలస్యమైన సంగతి రిపోర్టులో ఉండదు. ఆ ప్రశ్న టీఓఆర్‌లో లేదు మరి!

ఏజెన్సీ నుంచి మధ్యవర్తి సంస్థల మీదుగా సంఘానికి చేరేలోపు డబ్బు ఎన్ని చేతులు మారిందన్నదీ రాయాలి. ఒక్కో మెట్టు దగ్గర నూటికి 10 చొప్పున ఓవర్‌హెడ్ (ఆఫీసు నిర్వహణ ఖర్చు) మినహాయించుకుంటే మూడు మెట్లు దిగేసరికి 73 మిగులుతాయి. పై మెట్లలో న్యాయమైన ఖర్చు అనిపించుకున్నదే కింది మెట్టులో దుబారా అయిపోతుంది. అమెరికా ప్రభుత్వ గ్రాంట్లలో, సొంతంగా రేటు ఖరారు చేసుకోని సంస్థలు తీసుకోగల ఓవర్‌హెడ్‌ను 2024 అక్టోబరులో 10 శాతం నుంచి 15కు పెంచారు. ఉప గ్రాంటు తీసుకునేవాళ్లకూ ఇది వర్తిస్తుంది. నిబంధనలో ఉన్నది చివరి సంఘం బడ్జెట్ దాకా వచ్చిందో లేదో చూడ్డం మూల్యాంకనం చేసేవాళ్ల పని.

ఏజెన్సీలు గర్వంగా చూపించే జెండర్ మార్కర్ ఇక్కడ పెద్దగా అక్కరకు రాదు. ఇది ఎక్కువగా సంపన్న దేశాలున్న ఓఈసీడీ అనే సంస్థ పద్ధతి, సాయం పొందే ఒక్కో ప్రాజెక్టుకూ మార్కు వేస్తారు. స్త్రీ పురుష సమానత్వమే ప్రధాన లక్ష్యమైతే 2, ముఖ్యమైన లక్ష్యాల్లో ఒకటైతే 1, కాకపోతే 0. ఆ మార్కు వేసుకునేది డబ్బిచ్చేవాళ్లే, వేసేది ఉద్దేశానికి. డబ్బు ఎవరి చేతికి వెళ్లిందో అది చెప్పదు. మహిళా హక్కుల సంఘాలకు అందేది మొత్తం అధికారిక అభివృద్ధి సాయంలో 1 శాతం కూడా లేదని అదే ఓఈసీడీ లెక్కలు చెబుతున్నాయి.

ఇక ఇంటర్వ్యూలు. వచ్చే ఏడాది గ్రాంటు ఎవరి చేతిలో ఉందో వాళ్ల గురించి 'ఇబ్బందులున్నాయా?' అని అడిగితే ఏ సంఘమైనా ఏం చెబుతుంది? ఏజెన్సీ ప్రోగ్రాం ఆఫీసర్ కూడా గదిలో కూర్చుంటే ఆ మాత్రం కూడా చెప్పదు. గ్రాంటు కొనసాగింపు నిర్ణయం ఇంటర్వ్యూలకు ముందే రాతపూర్వకంగా ఇచ్చెయ్యాలి. మూల్యాంకనం చేసేవాళ్లను ఎంపిక చేసే కమిటీలో సంఘాల ప్రతినిధులుండాలి, వద్దనే హక్కుతో సహా. దరఖాస్తు తిరస్కరణకు గురైనవాళ్లతోనూ, మధ్యలో తప్పుకున్నవాళ్లతోనూ మాట్లాడాలి. నిజం ఎక్కువగా దొరికేది వాళ్ల దగ్గరే.

ఫలితాల దగ్గర ఇంకో చిక్కు. ఓఈసీడీ మూల్యాంకన ప్రమాణాలు 1991 నుంచి ఐదు, 2019లో పొందిక అన్నది చేర్చడంతో ఆరయ్యాయి. వాటిని యాంత్రికంగా వాడొద్దని ఓఈసీడీయే చెప్పింది. అయినా వాటిలో ఒకటైన 'సామర్థ్యం' (డబ్బును పొదుపుగా వాడడం) అనగానే తలసరి ఖర్చు లెక్కేసి శిక్షణ తరగతుల హాజరు పట్టీ జతచేస్తారు. ఉన్న హక్కును ఊడగొట్టే చట్టసవరణను మూడేళ్లపాటు ఆపిన సంఘం లాగ్‌ఫ్రేమ్‌లో (లక్ష్యాలు, వాటిని కొలిచే ఇండికేటర్లు ముందే రాసుకునే పట్టికలో) సున్నా కింద కనిపిస్తుంది. ఎదురుదెబ్బలు తగులుతున్నప్పుడు ఉన్నచోట నిలబడ్డమూ ఫలితమేనని స్త్రీవాద పరిశోధకురాలు శ్రీలత బట్లివాలా వంటివాళ్లు ఎప్పటినుంచో వాదిస్తున్నారు. ముందే రాసుకున్న ఇండికేటర్ల బదులు, జరిగిన మార్పు నుంచి వెనక్కి నడిచి అందులో సంఘం పాత్ర ఎంతో ఆరా తీసే అవుట్‌కమ్ హార్వెస్టింగ్ ఇలాంటి చోట నయం. అయితే సంఘం చెప్పిందే రాసుకుంటే అదీ ప్రచార పత్రమే అవుతుంది. ఆ మార్పును ఎరిగిన బయటివాళ్లు ఒకరిద్దరి చేత సరిచూపించాలి.

సంఘాలనూ వదిలిపెట్టకూడదు. దాతల భాష వచ్చిన ఇద్దరు ముగ్గురు రాజధానిలో కూర్చుని అందరి తరఫునా మాట్లాడే సంఘాలు తక్కువేం లేవు. నిర్ణయాలు ఎవరు తీసుకుంటారన్న ప్రశ్న వాళ్ల లోపల కూడా అడగాలి.

మూల్యాంకనంలో వలస పెత్తనం వదిలించుకున్నామని ఏజెన్సీలు చెప్పుకోవడానికి ముందు చూడాల్సినవి మరీ కష్టమైనవేం కావు. సమాధానాలిచ్చిన మహిళలకు ఆ రోజు కూలి, పిల్లల్ని చూసుకునే ఖర్చు ఇచ్చారా? సేకరించిన సమాచారం ఎవరి సర్వర్‌లో ఉంది, దాన్ని తుడిచెయ్యమని అడిగే హక్కు సంఘానికి ఉందా? హింస కేసుల మీద పనిచేసేవాళ్ల పేర్లు, ఊర్లు అనుబంధంలో అచ్చయ్యాయా? ముసాయిదాను వాళ్ల భాషలో ఇచ్చి, చదవడానికి కనీసం మూడు వారాల గడువిచ్చారా? సర్వసాధారణంగా జరిగేది, తుది రిపోర్టు వచ్చాక రెండు పేజీల సారాంశం అనువదించి పంపడం. అప్పటికి మార్చగలిగేది ఏమీ ఉండదు.

ఇలాంటి రిపోర్టులను మీ పత్రిక వార్తగా వేసేటప్పుడు విలేకరులు సారాంశం మీద ఆధారపడకుండా అనుబంధంలోని టీఓఆర్ చదవాలని మనవి. మేనేజ్‌మెంట్ రెస్పాన్స్, అంటే సిఫార్సులకు ఏజెన్సీ ఇచ్చే రాతపూర్వక జవాబు, కూడా అడిగి తెప్పించుకోండి. ఏ సిఫార్సును ఏ అధికారి ఏ తేదీలోగా అమలుచేస్తారో అందులో ఉండాలి. ఏజెన్సీ చెయ్యాల్సిన పనుల దగ్గర 'పాక్షికంగా అంగీకరిస్తున్నాం' అని రాసి తేదీ గడి ఖాళీగా వదిలేస్తే ఆ సంగతే శీర్షికలో పెట్టండి.

ఇట్లు,
మూల్యాంకన రంగంలో పనిచేస్తున్న ఒక పాఠకురాలు