చీకటి ఫొటోల సవరణలో మా వల్ల జరిగిన పొరపాటు

మా కస్టమర్లకు నమస్కారం. ఇళ్లలో, హాళ్లలో తక్కువ వెలుతురులో తీసిన ఫొటోలను సరిచేసి ప్రింటు వేసే పనిలో మేము కొన్ని నెలలుగా ఒక తప్పు చేస్తూ వచ్చాము. ఇటీవల ఒకరు తమ బామ్మ ఫొటోను వెనక్కి తెచ్చి, ఆమె చేతి మీద ముడతలు ఏమయ్యాయని అడిగారు. నిజంగానే అవి లేవు, నల్లటి కిటికీ తెర కూడా బూడిద రంగుకు తిరిగింది.

ఫొటో వెలుగును రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుతురు రెట్టింపు) పెంచడమంటే కెమెరా సెన్సర్‌పై పడిన కొద్దిపాటి వెలుతురును 4 రెట్లు చేసి చూపడం, దాంతోపాటు నాయిజ్ (ఫొటోలో కనిపించే అనవసరపు చుక్కలు) కూడా అంతే పెరుగుతుంది. మేము ఫొటో మొత్తాన్ని ఒకేలా వెలిగించి, పైకి తేలిన చుక్కలను పోగొట్టడానికి నాయిజ్ రిడక్షన్‌ను గట్టిగా వాడటంతో చుక్కలతో పాటు ముడతలూ చెరిగిపోయాయి.

ఇప్పుడు ముందుగా వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే కనిపించేలా చేసే రంగుల సర్దుబాటు) సరిచేస్తున్నాము, ఎందుకంటే పాతకాలపు బల్బుల వెలుతురు సుమారు 2,700 నుంచి 3,000 కెల్విన్ (వెలుతురు రంగును చెప్పే కొలమానం) మధ్య ఉండి ఫొటోకు పసుపు రంగు పులుముతుంది, దాన్ని అలాగే ఉంచి వెలిగిస్తే ఆ పసుపు మరింత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. తర్వాత ముఖం తేటపడేంత వరకే ఎక్స్‌పోజర్ (ఫొటో మొత్తం వెలుగు) పెంచి, నల్లగా ఉండవలసిన చోట్లను కర్వ్‌తో (వెలుగునూ నీడలనూ విడివిడిగా సర్దే సాధనంతో) మళ్లీ కిందికి దించుతున్నాము. రంగు చుక్కలను పూర్తిగా తీసేస్తాము కానీ సన్నటి గరుకుదనాన్ని కొంత ఉంచుతాము, ప్రింటులో అది దాదాపు కనబడదు. షార్పెనింగ్, అంటే అంచులను స్పష్టం చేయడం, చివరి పని. ఒకవైపు కిటికీ వెలుతురు, మరోవైపు బల్బు ఉన్న ఫొటోలకు మాత్రం రెండు భాగాలనూ విడివిడిగా సరిచేయాలి, అందుకు మాకు ఎక్కువ సమయం పడుతుంది.

మీరు దయచేసి అసలు ఫైలునే పంపండి. మామూలు ఫొటో ఫైలైన జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 వెలుగు మెట్లే ఉంటాయి, 14 బిట్ల రా ఫైలులో (కెమెరా సవరించకుండా దాచిన ఫైలులో) 16,384 ఉంటాయి కాబట్టి చీకటిలోంచి వివరాలను బయటికి తీయడానికి రా ఫైలే అనువైనది. ఫోనులో ముందే వెలిగించిన ఫొటో, మెసేజింగ్ యాప్ కుదించిన ఫొటో మాకు పెద్దగా పనికిరావు. పూర్తిగా నల్లబడిన చోట ఏ వివరమూ మిగలదు, అలాంటి ఫొటో అయితే ప్రింటు వేయకముందే మీకు చెబుతాము.

పాత పద్ధతిలో చేసిన ప్రింట్లు నచ్చనివారు తీసుకురండి, ఉచితంగా మళ్లీ చేసి ఇస్తాము. బామ్మగారి ఫొటోను ఇప్పటికే తిరిగి చేశాము. చేతి మీద ముడతలు తిరిగి కనబడుతున్నాయి, వెనుక ఉన్న తెరను నల్లగానే వదిలేశాము.