రాత్రి డ్యూటీ నర్సమ్మకు కృతజ్ఞతలు

నల్లగొండలోని ఒక ఆసుపత్రిలో మా నాయనకు కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేయడానికి ముందు, పేగు శుభ్రపడేందుకు 2 లీటర్ల పాలిథిలీన్ గ్లైకాల్ ద్రావణం తాగించవలసి వచ్చింది. మోకాళ్ల నొప్పులతో నడవలేని మనిషి. మరుగుదొడ్డేమో వార్డుకు ఆ చివరన ఉంది. ఆ ఉప్పటి రుచికి ఆయన మొదట్లోనే ముఖం తిప్పుకున్నారు. రాత్రి డ్యూటీలో ఉన్న నర్సమ్మ, ఎవరూ అడగకుండానే, ఆయనను మరుగుదొడ్డి పక్కనున్న ఖాళీ మంచానికి మార్పించి, ద్రావణాన్ని ఫ్రిజ్‌లో చల్లబరిచి, పావుగంటకొక గ్లాసు చొప్పున "తాతా, ఇదొక్కటి" అంటూ తానే తాగించారు. సగం రాత్రి, మిగతా సగం తెల్లవారుజామున తాగితే పేగు బాగా తేటపడుతుందని, విరేచనం లేత పసుపు నీళ్లలా రావాలని, లేకపోతే చిన్న పాలిప్స్ (పేగు లోపలి గోడపై పెరిగే బుడిపెలు) కంటపడకపోవచ్చని మాకు విడమరిచి చెప్పారు. మధ్యలో పంచె తడిసి నాయన సిగ్గుతో కుంచించుకుపోతే, తెర లాగి, మారు పంచె చేతికిచ్చి, ఏమీ జరగనట్టే ఆయన బత్తాయి తోటకు నీళ్లెలా పెడుతున్నారో అడిగారు. ఆ తరువాత ఆయన గ్లాసు వద్దనలేదు.

పేగు శుభ్రంగా ఉందన్న డాక్టరుగారు, కనిపించిన ఒక పాలిప్‌ను అప్పుడే తీసివేశారు. మేము వార్డుకు తిరిగి వచ్చేసరికి ఆమె డ్యూటీ దిగి వెళ్లిపోయారు కనుక, మా ఇంటిల్లిపాది నమస్కారాలను ఇలా తెలుపుకుంటున్నాము.