‘స్టాండ్!’ తర్వాత ఏముందని అడిగావుగా

చి. నాన్నకు,

అమ్మ ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. మీ రూమ్‌లో నడుస్తున్న తగువు సంగతి చదివాను. ఒకడేమో అమెరికా ఫంక్ బ్యాండ్ స్లై అండ్ ద ఫ్యామిలీ స్టోన్ పని 1969లో ‘స్టాండ్!’ ఆల్బమ్‌తోనే అయిపోయిందంటాడు. ఇంకొకడు 1971లో వచ్చిన ‘దేర్స్ ఎ రయట్ గోయిన్ ఆన్’తోనే అసలు మొదలైందంటాడు. మధ్యలో నువ్వు తీర్పు చెప్పమని నాకు రాశావు. చెబుతాను. అయితే మీరంతా అట్ట మీది పేరు చూసి వాదించుకుంటున్నారు. ఏ పాటకు డ్రమ్స్ ఎవరు, బేస్ ఎవరు అన్నది చూసి వాదించుకోండి. సగం తగువు అక్కడే తెగుతుంది.

‘స్టాండ్!’ నాటికి వాళ్లు ఏడుగురు. నాయకుడు స్లై, అతని తమ్ముడు ఫ్రెడీ గిటార్, చెల్లెలు రోజ్ కీబోర్డు, సింథియా రాబిన్సన్ ట్రంపెట్, జెర్రీ మార్టినీ సాక్సోఫోన్, ల్యారీ గ్రాహమ్ బేస్, గ్రెగ్ ఎరికో డ్రమ్స్. తెల్లవాళ్లూ నల్లవాళ్లూ, ఆడా మగా కలిసి వాయించిన బ్యాండ్ అది. ‘స్టాండ్!’తోనే అయిపోయిందనే మీవాడికి నచ్చింది ఆ ఏడుగురూ ఒకే గదిలో వాయిస్తే పుట్టిన సౌండ్. 1969 చివర్లో వచ్చిన ‘థాంక్ యూ’ సింగిల్‌లో గ్రాహమ్ బొటనవేలితో తీగను కొట్టి, మరో వేలితో లాగి వదులుతాడు చూడు, ఆ సౌండ్‌కి అది పరాకాష్ఠ. 1971లో ఎరికో వెళ్లిపోయాడు. 1972లో గ్రాహమ్ వెళ్లిపోయాడు. ఆ లెక్కన ‘స్టాండ్!’తోనే బ్యాండ్ అయిపోయిందన్నవాడి మాట పూర్తిగా అబద్ధమేం కాదు. కానీ బ్యాండ్ పోవడం వేరు, పాట పోవడం వేరు.

‘రయట్’లోంచి ‘ఫ్యామిలీ అఫైర్’ ఒక్కటీ తీసుకో. 1971 డిసెంబరులో అమెరికాలో మూడు వారాలు నంబర్ వన్‌గా నిలిచింది. పేరేమో ‘కుటుంబ వ్యవహారం’, పాటలో ఉన్న కుటుంబమేమో స్లై, రోజ్ ఇద్దరే. ఎలక్ట్రిక్ పియానో వాయించింది బిల్లీ ప్రెస్టన్. గిటార్ బాబీ వోమ్యాక్. బేస్ స్లైదే. డ్రమ్స్ దగ్గర మనిషే లేడు. అక్కడున్నది మాయెస్ట్రో రిథమ్ కింగ్ అనే పెట్టె. ఆర్గన్ వాయించుకునేవాళ్ల కోసం తయారుచేసిన సరుకు అది. మన కచేరీ సాధనలో పెట్టుకునే ఎలక్ట్రానిక్ తాళం పెట్టెలాగే, రిథమ్‌లు ముందే అమర్చి ఉంటాయి, మీట నొక్కితే మొదలవుతాయి. పాటను బట్టి అది మారదు, దాని చుట్టూ మనమే ఆడాలి. స్లై దాన్ని ఫంక్ బాక్స్ అనేవాడు.

ఆల్బమ్ మొత్తం పెట్టే అనుకునేవు, కాదు. కొన్ని పాటల్లో మనిషి, కొన్నింట్లో పెట్టె, కొన్నింట్లో రెండూ ఉంటాయి. ఏది ఏదో తేల్చడానికి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఎనిమిది బార్లు (ఆవర్తాలు) హై-హ్యాట్ (కాలితో మూసి తెరిచే జంట తాళాలు), మరాకా (గిలక) లాంటి చప్పుడు ఒక్కటే విను. ప్రతి దెబ్బా ఒకే బరువుతో, ఒకే పొడవుతో పడుతుంటే పెట్టె. మనిషి చెయ్యి అయితే అప్పుడప్పుడూ హై-హ్యాట్ కాస్త తెరుచుకుంటుంది, స్నేర్ (గరగరమనే చిన్న డ్రమ్) మీద మెల్లగా తాకిన చిన్న దెబ్బలు వినపడతాయి. స్పీకర్లలో ఇది పట్టుకోవడం కష్టం. ఫోన్ స్పీకర్లో అయితే అసలు కుదరదు.

ఇక ‘రయట్’లో సౌండ్ మసకగా ఉందని నువ్వు అడిగిన సంగతి. కాపీ పాతదై అరిగిపోవడం వల్ల అలా వినిపిస్తోందేమో అన్నావు. కాదు, అది మాస్టర్ టేపులోనే, అంటే అసలు రికార్డింగ్‌లోనే ఉంది. స్లై ఒకే టేపు మీద పాడించడం, చెరిపేయడం, మళ్లీ పాడించడం, ఇలా చేస్తూ పోయాడు. టేపు హెడ్ మీదుగా నడిచిన ప్రతిసారీ పైపూత కొంచెం రాలుతుంది, ముందుగా పోయేవి సన్నని పై స్వరాలే. దీనికి తోడు ట్రాకులు చాలక రెండు మూడింటిని కలిపి ఒకదాంట్లోకి దింపితే, టేపు హిస్ (‘స్స్’ మనే చప్పుడు) కూడా వాటితో పాటే దిగుతుంది. సమానమైన రెండు హిస్‌లు కలిస్తే 3 డెసిబెల్స్ పెరుగుతుంది. అందుకే రీమాస్టర్ కొన్నా ఆ మసక పోదు. ట్రెబుల్ పెంచావో, గొంతు తేటపడకపోగా హిస్ ముందుకొస్తుంది. చెయ్యాలనుకుంటే ఈక్వలైజర్‌లో 250 హెర్ట్జ్ దగ్గర ఒక 2 డెసిబెల్స్ తగ్గించు, బేస్ గీతలు విడివిడిగా కనబడతాయి. పై స్వరాలను ముట్టుకోకు.

ఈ ఆల్బమ్ గొప్పదా కాదా అన్నది తేల్చుకోవడానికి మీ నలుగురికీ ఒక పరీక్ష. 1969 నాటి ‘థాంక్ యూ’ పెట్టి, వెంటనే ‘రయట్’లో చివరి పాట ‘థాంక్ యూ ఫర్ టాకిన్ టు మీ ఆఫ్రికా’ పెట్టండి. అదే సాహిత్యం, అదే పాట, నడక మాత్రం కాలీడ్చుకుంటూ సాగే నడక. ఏడు నిమిషాలు దాటుతుంది. మొదటిదాంట్లో బేస్ నిన్ను లేపి నిలబెడుతుంది, రెండోదాంట్లో కుర్చీలోకి నొక్కుతుంది. రెండోది కావాలని చేసిన పని అని ఒప్పుకుంటే ‘రయట్’ నీకు నచ్చుతుంది. అలసిపోయి చేసిన పని అనిపిస్తే నచ్చదు. నా ఉద్దేశంలో రెండూ నిజమే, ఆ ఆల్బమ్‌కి అందం వచ్చింది కూడా ఆ రెండూ కలవడం వల్లే. టైటిల్ పాట నిడివి అట్ట మీద సున్నా అని చూసి ప్రింటు తప్పనుకోవద్దు, అల్లర్లు అసలే ఉండకూడదని స్లై అలా పెట్టాడు. అట్ట మీద నక్షత్రాల బదులు సూర్యులున్న అమెరికా జెండా ఉండాలి. కొన్ని పాత రీఇష్యూల మీద దానికి బదులు స్లై స్టేజీ ఫొటో ఉంటుంది. లోపల పాటలు అవే.

నువ్వు బేస్ పట్టావు కాబట్టి నీ అసలు పాఠం 1973 జూన్‌లో వచ్చిన ‘ఫ్రెష్’. నా తీర్పు కూడా ఇక్కడే ఉంది. ‘తర్వాత అంతా దిగజారుడే’ అన్నవాడికి జవాబు ‘రయట్’ కాదు, ఇదే. గ్రాహమ్ స్థానంలో రస్టీ అలెన్, ఎరికో స్థానంలో ఆండీ న్యూమార్క్ వచ్చారు. పెట్టె ఇంకా ఉంది, కానీ ఈసారి దానికి ఎదురు నిలిచే మనిషి దొరికాడు. మొదటి పాట ‘ఇన్ టైమ్’ విను. లెక్క మామూలు నాలుగే. పెట్టె టిక్కుటిక్కుమని సూటిగా పోతుంటే, న్యూమార్క్ హై-హ్యాట్‌నీ స్నేర్‌నీ దాని సందుల్లో పెడుతుంటాడు. రెండో దెబ్బ మీద, నాలుగో దెబ్బ మీద స్నేర్ పడుతుందని అలవాటు కొద్దీ ఎదురుచూస్తావు, ప్రతిసారీ అక్కడే పడదు. జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ తన బృందం చేత ఈ పాట మళ్లీ మళ్లీ వినిపించాడని చెబుతారు. వినిపించకపోయినా మీరు వినండి.

సాధన ఇలా చెయ్యి. మొదటిసారి కాలు పెట్టెకు మాత్రమే వెయ్యి, మిగతాది పట్టించుకోకు. రెండోసారి కాలు అలాగే ఉంచి, చేత్తో స్నేర్ కొట్టు. ఇక్కడే కాలు చేతి వెంట పడిపోతుంది, పడగానే ఆపి మొదటికి రా. రెండూ విడివిడిగా నిలిచాకే బేస్ ఎత్తు. స్ట్రీమింగ్ యాప్‌లో వేగం తగ్గించే వీలుంటే ముప్పావు వేగంతో మొదలుపెట్టు, సగానికి తగ్గిస్తే సౌండ్ చెదిరిపోయి స్నేర్ ఎక్కడ పడిందో తెలియదు.

‘ఇఫ్ యూ వాంట్ మీ టు స్టే’ చూడ్డానికి తేలిక. నాలుగు కార్డ్‌లే (కలిపి మోగించే స్వరాల గుంపులు) చివరిదాకా తిరుగుతుంటాయి, విడిగా పల్లవంటూ లేదు. అందుకే మొదటిరోజే వచ్చేసిందనుకుంటారు. స్వరాలు వస్తాయి, పాట రాదు. ఆ బేస్ లైన్ ప్రాణం స్వరాల మధ్య ఉన్న ఖాళీలో ఉంది. ఎడమచేతి వేలు తీగ మీద నుంచి పూర్తిగా ఎత్తకుండా ఒత్తిడి మాత్రం వదిలితే స్వరం అక్కడికక్కడే తెగుతుంది. వేలు ఎత్తేస్తే తీగ మోగుతూనే ఉంటుంది, అప్పుడు లైన్ అంతా ఒకదానికొకటి అంటుకుపోయి బురదవుతుంది. స్లాప్ (బొటనవేలితో తీగను కొట్టడం) మాత్రం వద్దు. గ్రాహమ్ పద్ధతిని అలెన్ పాట మీద రుద్దడం అందరూ చేసే పొరపాటే. 1985లో రెడ్ హాట్ చిలీ పెప్పర్స్ అనే రాక్ బ్యాండ్ వాళ్లు ఈ పాట మళ్లీ చేశారు. వాళ్లదీ వీళ్లదీ పక్కపక్కన వింటే ఖాళీ ఎంత ఉంచాలో నీకే తెలుస్తుంది. ఈ పాట అమెరికా చార్టులో 12 దాకా, ఆల్బమ్ 7 దాకా వెళ్లాయి. 1971 తర్వాత వీళ్లను ఎవరూ వినలేదన్న మాటకు అది చాలు.

‘ఫ్రెష్’ విషయంలో జాగ్రత్త ఒకటుంది, మీ తగువులో సగానికి ఇదే కారణం అయ్యుండొచ్చు. స్లై ఈ పాటల్ని వదలకుండా మళ్లీ మళ్లీ మిక్స్ చేశాడు, అంటే గొంతు, వాద్యాల పాళ్లు మార్చి కలిపాడు. 1990ల మొదట్లో వచ్చిన ఒక సీడీలో దాదాపు అన్ని పాటలకూ ఎల్పీ మిక్స్ కాకుండా వేరే మిక్సులు పడ్డాయి. ఆ సీడీ విన్నవాడూ ఎల్పీ విన్నవాడూ కొట్టుకుంటే తేలేదేముంది? ఇద్దరూ వేర్వేరు ఆల్బమ్‌ల గురించి మాట్లాడుతున్నట్టే. 2007 రీఇష్యూలో అసలు మిక్సులే ఉన్నాయి, కొన్ని వేరే మిక్సులు చివర్లో బోనస్‌గా ఉన్నాయి. సెకండ్‌హ్యాండ్ సీడీ కొనేటప్పుడు వెనక సంవత్సరం చూసి కొను. ఎల్పీ అయితే ఎపిక్ కంపెనీ వాళ్ల కేఈ 32134 నంబరుది.

రోజ్ పాడిన ‘కే సెరా సెరా’ను జోక్ అని దాటేయొద్దని మీవాళ్లకు చెప్పు. పాత సినిమా పాటను గుడిలో పాడినట్టు నెమ్మదిగా, ఆర్గన్ నీడలో పాడింది. చర్చి పాటలు పాడుతూ పెరిగిన తోబుట్టువులు వాళ్లు, ఆ పెంపకం ఈ ఒక్క పాటలో తేటగా వినపడుతుంది.

1974 ‘స్మాల్ టాక్’ దగ్గర నేను మీవాడితో సగం ఒప్పుకుంటాను. అట్ట మీద స్లై, భార్య, పసిబిడ్డ. పాటల్లో సిడ్ పేజ్ వయొలిన్, చుట్టూ తీగవాద్యాలు. ఫంక్‌కి తీగలు సరిపడవని కాదు, ఇక్కడ అవి బేస్ వదిలిన ఖాళీల్ని నింపేస్తున్నాయి. ‘ఫ్రెష్’ని నిలబెట్టిందే ఆ ఖాళీ కదా. అయినా ‘లూజ్ బూటీ’, ‘టైమ్ ఫర్ లివిన్’, ‘కాంట్ స్ట్రెయిన్ మై బ్రెయిన్’ మూడూ విను. ‘లూజ్ బూటీ’లో షాడ్రాక్, మీషాక్, అబెడ్నెగో అని బైబిల్ పేర్లు జపంలా వస్తాయి, 1989లో ర్యాప్ బృందం బీస్టీ బాయ్స్ తమ పాటకు తీసుకున్నది దాన్నే. ‘దిస్ ఈజ్ లవ్’ వింటే స్లై కుర్రతనంలో పాడిన డూ-వాప్ (గొంతులు కలిపి పాడే పాత బృందగానం) గుర్తొస్తుంది.

1975 జనవరిలో న్యూయార్క్ రేడియో సిటీ మ్యూజిక్ హాల్ కచేరీలకు జనం పలచబడ్డారు, ఆ తర్వాత బృందం చెదిరిపోయింది. అక్కడి నుంచి అట్ట మీద ఏ పేరున్నా స్లై ఒక్కడి వ్యవహారమే అనుకో. 1975 ‘హై ఆన్ యూ’ అతని సొంత పేరు మీదే వచ్చింది, నిజాయితీ ఉన్న పని. 1976లో మళ్లీ ఫ్యామిలీ స్టోన్ పేరుతో వచ్చినదానికి ‘నన్ను తలుచుకున్నారట, వచ్చేశాను’ అనే అర్థంలో పేరు పెట్టారు. పేరు గొప్ప ఊరు దిబ్బ. 1979 ‘బ్యాక్ ఆన్ ద రైట్ ట్రాక్’ ఎనిమిది పాటలు, అరగంట కూడా నిండదు. 1982 ‘ఎయింట్ బట్ ద వన్ వే’ మరో ఫంక్ నాయకుడు జార్జ్ క్లింటన్‌తో కలిసి చెయ్యాలని మొదలైంది, మధ్యలో స్లై కనబడకుండా పోతే నిర్మాత స్టువర్ట్ లెవీన్ ఉన్నదాన్ని అతికి పూర్తిచేశాడు. ఆ అతుకులు వినపడుతూనే ఉంటాయి. వీటి మీద వాదించుకోవడానికి టైమ్ పాడుచేసుకోకండి. 2011లో వచ్చిన ‘ఐయామ్ బ్యాక్!’లో ఎక్కువ భాగం పాత హిట్లనే మళ్లీ పాడినవి, అది ఈ లెక్కలోకే రాదు.

కొనాలనుకుంటే 2007లో వచ్చిన ‘ద కలెక్షన్’ సెట్ చూడు. 1967 నుంచి 1974 వరకు ఉన్న ఏడు ఆల్బమ్‌లూ ఉంటాయి. సరిగ్గా ఎక్కడ ఆగాలో అక్కడే ఆగుతుంది. 1979 దాంట్లో ‘రిమెంబర్ హూ యూ ఆర్’ ఒక్కటీ స్ట్రీమింగ్‌లో విను, చాలు. ‘ఇన్ టైమ్’ స్నేర్ లెక్క కుదిరాక రాయి, నీ దగ్గరున్న ‘ఫ్రెష్’ ఏ సంవత్సరం సీడీయో కూడా చూసి రాయి.

అమ్మ