కుడి అంచు వేడి కిందికెలా దిగింది?

సంపాదకులకు,

గత ఆదివారం మీ టెక్నాలజీ పేజీలో, జూలియా అనే ప్రోగ్రామింగ్ భాషలో ప్రోగ్రాములు రాసేవాళ్లు, పైథాన్ అనే మరో భాషలో గ్రాఫులు గీసే మాట్‌ప్లాట్‌లిబ్‌ను ఒక్క లైనుతో పిలిచి గ్రాఫులు గీసుకోవచ్చని రాశారు. నిజమే, ఆరేళ్లుగా నేను చేస్తున్నది అదే. ఆ ఒక్క లైను తర్వాత ఏమవుతుందో కూడా రాసి ఉంటే బాగుండేది.

లోహపు పలకల్లో వేడి ఎలా పాకుతుందో లెక్కకట్టడం నా ఉద్యోగం. లెక్క జూలియాలో, బొమ్మ పైప్లాట్ ప్యాకేజీ ద్వారా మాట్‌ప్లాట్‌లిబ్‌లో. జూలియాకు సొంతంగా ప్లాట్స్, మకీ లాంటి బొమ్మలు గీసే ప్యాకేజీలు ఉన్నాయి. అయినా మాట్‌ప్లాట్‌లిబ్ 2003 నుంచి వాడుకలో నలిగిన సరుకు. మూర్ఛరోగుల మెదడు సంకేతాలను తెరమీద చూసుకోవడానికి జాన్ హంటర్ అనే న్యూరోబయాలజిస్టు మొదలుపెట్టారు. యాక్సిస్ మీద అంకెలు ఎంత వంచాలన్నా, నాకంటే ముందే ఎవరో అడిగి ఉంటారు.

నా కథకొస్తాను. 200×200 గళ్ల పలక, కుడి అంచున వేడి పెట్టాను. బొమ్మలో చూస్తే, వేడిని చూపే పసుపు రంగుతో కింది అంచు వెలుగుతోంది! లెక్కే తప్పనుకుని రెండు రోజులు నా కోడ్‌ను లైను లైనూ తవ్వాను. లెక్కలో ఏ తప్పూ లేదు. జూలియా మ్యాట్రిక్స్‌ను, అంటే అంకెల పట్టికను, మెమరీలో నిలువు వరుసలుగా పేరుస్తుంది కాబట్టి, వేగం కోసం మొదటి ఇండెక్స్‌ను అడ్డదిశకు ఇవ్వడం నా అలవాటు. మాట్‌ప్లాట్‌లిబ్‌లో మ్యాట్రిక్స్‌ను రంగుల బొమ్మగా చూపే ఇమ్‌షో మాత్రం మొదటి ఇండెక్స్ అంటే అడ్డు వరుస నంబరు అనుకుని, ఆ వరుసలను పైనుంచి కిందికి పేరుస్తుంది. దాంతో నా కుడి అంచు కింది అంచయింది. ట్రాన్స్‌పోజ్ చేసి (అడ్డు వరుసలను నిలువు వరుసలుగా మార్చి), వరుసలు కిందినుంచి మొదలవ్వాలని ఆరిజిన్ 'లోయర్' అని చెప్పాక వేడి తన చోటికి వెళ్లింది. పలక చతురస్రం కావడం నా ఖర్మ. కాస్త పొడవుగా ఉంటే మొదటి చూపులోనే దొరికిపోయేది.

చిన్న చికాకులు ఇంకా ఉన్నాయి. పైథాన్ ఉదాహరణను ఉన్నదున్నట్టు అతికిస్తే, రంగు పేరు సింగిల్ కోట్స్‌లో ఉన్నా చాలు, జూలియా ఒప్పుకోదు. దానికి సింగిల్ కోట్స్ అంటే ఒకే ఒక్క అక్షరం. గ్రీకు అక్షరం కోసం మాట్‌ప్లాట్‌లిబ్ పద్ధతిలో లేబుల్‌లో డాలర్ గుర్తు పెడితే, జూలియా అక్కడ వేరియబుల్ ఉందనుకుని ఎర్రర్ ఇస్తుంది. పైగా విండోస్‌లో, జూలియానూ పైథాన్‌నూ కలిపే పైకాల్ ప్యాకేజీ తనకోసం వేరే పైథాన్ దించుకుంటుంది. నేను టెర్మినల్‌లో మాట్‌ప్లాట్‌లిబ్‌ను అప్‌డేట్ చేసి, జూలియాలో ఇంకా పాత వెర్షనే కనిపిస్తోందని ఒక పూటంతా తల పట్టుకున్నాను. మన పైథాన్ ఎక్కడుందో చెప్పి పైకాల్‌ను మళ్లీ బిల్డ్ చేస్తే తప్ప రెండూ కలవవు.

ఇవన్నీ చెప్పి పైప్లాట్ వద్దంటున్నానా? లేదు, నిన్న కూడా దాంతోనే గీశాను. ఒక్క మనవి. మీ వ్యాసంలో ఇచ్చిన ఉదాహరణ కూడా 50×50 మ్యాట్రిక్సే. దాన్ని 50×30 చేసి, వచ్చిన బొమ్మను వచ్చే ఆదివారం అచ్చువేయగలరా?

ఇట్లు,
మీ పాఠకురాలు