కెన్ లియు ఉద్యోగం వదిలేసి రచయిత కాలేదు

సంపాదకుడు గారికి నమస్కారం.

చైనీస్ అమెరికన్ సైన్స్ ఫిక్షన్ రచయిత కెన్ లియు మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. ఆయన గురించి తెలుగులో రాసినందుకు సంతోషించాను. అయితే లాయర్ ఉద్యోగాన్ని గాలికొదిలేసి కలం పట్టినందుకే ఇంతవాడయ్యాడని అందులో రాశారు. అది నిజం కాదు. ఇక ఆయన చేసిన అనువాదాలకు ఒక్క వాక్యంతో సరిపెట్టారు. నేను గుంటూరు బ్రాడీపేటలో టాక్స్ కన్సల్టెంట్‌ని. ఆయన కూడా ఒకప్పుడు టాక్స్ లాయరేనని తెలిసి, ఆ కుతూహలంతోనే ఆయన కథలు మొదలుపెట్టి, దొరికినవన్నీ చదివాను.

ఆయన 1976లో చైనాలోని లాన్‌జోలో పుట్టి, పదకొండో ఏట అమెరికా వెళ్లారు. హార్వర్డ్‌లో ఇంగ్లిష్ సాహిత్యం చదివి, మైక్రోసాఫ్ట్‌లో పనిచేసి, మళ్లీ హార్వర్డ్‌లోనే లా చేసి 2004లో బయటికొచ్చారు. మొదటి కథ 2002లో, అంటే ఇంకా లా చదువుతుండగానే అచ్చయింది. ఆ తర్వాత ఒక కథ మీద మనసుపడి, దాన్నే పత్రికలకు పంపుతూ, తిరిగొచ్చినప్పుడల్లా దిద్దుతూ, కొత్తవి రాయడమే మానేశారు. 2009లో అది ఒక సంకలనంలో వచ్చింది. మరో రెండేళ్లకు 'ది పేపర్ మెనాజరీ' అనే కథ వచ్చింది. సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకిచ్చే పెద్ద అవార్డులైన హ్యూగో, నెబ్యులా, వరల్డ్ ఫాంటసీ మూడూ ఒకే రచనకు రావడం అదే మొదటిసారి. ఇంత పేరొచ్చాక కూడా ఆయన కొన్నేళ్లపాటు టెక్నాలజీ కేసుల్లో లిటిగేషన్ కన్సల్టెంట్‌గా, అంటే కోర్టు వ్యాజ్యాల సలహాదారుగా పనిచేస్తూనే వచ్చారు. పూర్తికాలం రచయిత అయింది ఆ తర్వాతే.

ఆ పని ఆయన రాతకు అడ్డమొచ్చిందా? 'ది మ్యాన్ హూ ఎండెడ్ హిస్టరీ' అనే ఆయన కథ చదివినవాళ్లు ఆ మాట అనలేరు. రెండో ప్రపంచయుద్ధం నాటికి చైనాలోని హార్బిన్ దగ్గర పింగ్‌ఫాంగ్‌లో జపాన్ సైన్యం యూనిట్ 731 పేరుతో బతికున్న మనుషుల మీద ప్రయోగాలు చేసింది. ఈ కథలో ఆ రోజుల్ని కళ్లారా చూసే సాధనం ఒకటి కనిపెడతారు. కానీ ఒక క్షణాన్ని ఒక్కరే, ఒక్కసారే చూడగలరు. చూడగానే ఆ క్షణం తాలూకు ఆనవాలు చెరిగిపోతుంది, ఇంకెవరూ దాన్ని చూడలేరు. ఒరిజినల్ బిల్లు చించితే తప్ప అందులో ఏముందో చదవలేని పరిస్థితి అన్నమాట. అలాంటప్పుడు పంపాల్సింది చరిత్రకారుణ్ణా, చనిపోయినవాళ్ల మనవరాలినా? సాక్షి తప్ప సాక్ష్యం మిగలకపోతే ఆ వాంగ్మూలానికి విలువెంత? గడిచిపోయిన కాలం మీద అధికారం ఏ దేశానిది? కథంతా డాక్యుమెంటరీలా సాగుతుంది, అమెరికా ప్రతినిధుల సభ ఉపసంఘం విచారణ కూడా అందులో ఉంటుంది. రోజూ కాగితాలతో, రుజువులతో కుస్తీపట్టే మనిషికి తట్టే ప్రశ్నలివి. నాకైతే ఆ రాత్రి నిద్రపట్టలేదు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మా ఆఫీసులో రిటర్నులు చూసే కుర్రాడొకడు కథలు రాస్తాడు, బాగా రాస్తాడు. మీ వ్యాసం కత్తిరించి తెచ్చి, "మేడమ్, నేనూ మానేద్దామనుకుంటున్నాను" అన్నాడు. ఇంట్లో తండ్రి మంచాన ఉన్నాడు. ఆ వ్యాసం చూసి నిర్ణయం తీసుకోవద్దని గట్టిగా చెప్పాను. ఎప్పుడైనా మానాల్సివస్తే మానవచ్చు. కానీ కెన్ లియు పేరు చెప్పి మాత్రం కాదు.

ఇక అనువాదాల సంగతి. చైనా రచయిత లియు సిషిన్ నవల 'త్రీ బాడీ ప్రాబ్లమ్'ను ఆయన ఇంగ్లిష్‌లోకి తెచ్చారు. అది 2014లో వెలువడి, మరుసటి ఏడాది ఉత్తమ నవలగా హ్యూగో గెలుచుకుంది. అనువాద నవలకు ఆ గౌరవం దక్కడం అప్పుడే మొదలు. సాంస్కృతిక విప్లవంలో ఒక ఫిజిక్స్ ప్రొఫెసర్‌ను సభలో కొట్టి చంపుతుంటే కన్నకూతురు చూస్తూ నిలబడే ఘట్టం చైనీస్ పుస్తకంలో మధ్యలో ఎక్కడో ఉంటుంది. దాన్ని మొదటికి తెద్దామని సూచించింది కెన్ లియు. మొదట తాననుకున్నదీ అదేనని మూల రచయిత కూడా ఒప్పుకున్నారు. అమెరికాలోని స్పోకేన్‌లో వేదికెక్కి ఆ అవార్డు అందుకున్నది కూడా అనువాదకుడే. సరిగ్గా అదే ఏడాది ఆయన సొంత నవల 'ది గ్రేస్ ఆఫ్ కింగ్స్' వచ్చింది. ఆ వరుసలో నాలుగోదీ చివరిదీ పూర్తయి అచ్చయ్యేసరికి 2022. అంత పెద్ద పని నెత్తిన పెట్టుకుని కూడా చైనా రచయిత్రి హావో జింగ్‌ఫాంగ్ కథ 'ఫోల్డింగ్ బీజింగ్'ను అనువదించారు, దానికి 2016లో హ్యూగో వచ్చింది. అదే ఏడాది మరికొందరు చైనా రచయితల కథలతో సంకలనం తెచ్చారు. తన పేరు వెలుగుతున్న రోజుల్లో పక్కవాళ్ల కోసం ఇంత టైమ్ పెట్టే రచయితలు ఎంతమంది ఉంటారు? నా దృష్టిలో ఆయన రాసిన ఏ కథకూ ఇది తీసిపోదు.

కాబట్టి ఉద్యోగం విషయంలో దొర్లిన తప్పును వచ్చే ఆదివారం సవరించండి. అనుమతి సంపాదించి ఆయన కథ ఒక్కటైనా తెలుగులో వేయండి. వేసినప్పుడు తెలుగు చేసినవారి పేరును రచయిత పేరు పక్కనే, అదే సైజు అక్షరాల్లో ఇవ్వండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, గుంటూరు