రిటైరైన సైనికాధికారుల అనుభవాన్ని వరదల వేళ వాడుకోవాలి

సంపాదకులకు నమస్కారం.

సైన్యంలో కల్నల్ 54 ఏళ్లకు, బ్రిగేడియర్ 56కి, మేజర్ జనరల్ 58కి ఇంటికి రావాల్సిందే. మన రాష్ట్ర ఉద్యోగికి 62 దాకా సర్వీసు ఉంది. సరిహద్దులో కొండలెక్కి దళాన్ని నడిపే అధికారికి వయోపరిమితి ఉండాలి, కాదనను. పైవాళ్లు దిగకపోతే కిందివాళ్లకు ప్రమోషన్లు రావన్నదీ నిజమే. కానీ సిగ్నల్స్ (సైన్యంలో సమాచార సంబంధాలు చూసే విభాగం), ఇంజినీరింగ్ విభాగాల్లో ముప్పై ఏళ్లు పనిచేసినవాళ్లనీ అదే లెక్కన పంపేయడం నాకు అన్యాయంగా తోస్తుంది. అప్పటికి పిల్లల చదువులు పూర్తి కావు, ఇంటి లోను తీరదు. టెన్షన్ మొదలయ్యేది అక్కడే.

తరతరాలుగా సైన్యంలో చేరేవాళ్లకు పేరుపడ్డ మిలిటరీ మాధవరం లాంటి ఊరున్న పశ్చిమ గోదావరి జిల్లా మనది. 2022 జూలై వరదల్లో యలమంచిలి మండలంలోని మా బంధువుల లంకలో ఒక రిటైర్డ్ కల్నల్ గారు రేవులో నిలబడి, ముసలివాళ్లను, బాలింతలను ముందు పడవ ఎక్కించారు. ఎవరెవరు ఏటికి ఇవతలకు దాటారో నోటుబుక్కులో పేరుపేరునా రాసుకున్నారు. తోపులాట అన్నదే లేదు. ఇలాంటివారిని జిల్లా విపత్తు నిర్వహణలో జీతమిచ్చి పెట్టుకోవాలి. ఏటిగట్ల కాపలా, పడవల ఏర్పాటు, పునరావాస కేంద్రాలు వాళ్లకు అప్పగించాలి. వచ్చే వరదల లోపే గోదావరి జిల్లాల కలెక్టర్లు వాళ్ల జాబితా సిద్ధం చేయాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, పాలకొల్లు